ఇస్తాంబుల్ దఫ్తర్‌లో ఆడవాళ్ల లిబాస్: తకరార్ గుడ్డ మీదా, కుర్చీ మీదా?

నౌకరీ చేసే ఆడపిల్ల ఉన్న ఇంట్లో పొద్దున్నే ఒక బహస్ నడుస్తుంది. దుపట్టా సరిగ్గా వేసుకో, ఆ కుర్తా పొట్టిగా ఉంది, బుర్ఖా వేసుకుంటే మేనేజరు ఏమంటాడో, వేసుకోకపోతే మొహల్లా ఏమంటుందో! అమ్మీ ఒకటంటుంది, నానీ ఇంకొకటంటుంది, అబ్బా పేపరు దించకుండానే మూడోది అంటారు. పిల్ల మాత్రం క్యాబ్ వచ్చిందని చెప్పి గబగబా మెట్లు దిగిపోతుంది.

ఈ ముసీబత్ మనకొక్కళ్లకే వచ్చిందనుకుంటాం. కాదు. ఒక షహర్‌లో ఆడవాళ్ల బట్టల మీద మూడువందల ఏళ్లుగా ఇదే బహస్ సాగుతోంది. అక్కడ అమ్మీలు, నానీలతో పని అయిపోలేదు. సుల్తానులు ఫర్మానాలు రాశారు. పోలీసులు పత్రికల్లో హెచ్చరికలు వేయించారు. హుకూమత్‌లు మారినప్పుడల్లా హుకుంలు మారాయి. ఫ్యాషన్ అంటే ప్రాణం పెట్టే ఆ షహర్ ఇస్తాంబుల్. అక్కడి ఖవాతీన్ దఫ్తర్‌కు ఏం వేసుకెళ్లారు, ఎవరు వద్దన్నారు, ఎందుకు వద్దన్నారు అన్న తారీఖ్ మన ఇళ్లలో తెలియాలి. ఎందుకంటే ఆ కిస్సా చదివితే ఒక సంగతి అర్థమవుతుంది. గుడ్డ మీద జరిగిన తకరార్లలో చాలావరకు అసలు తకరార్ కుర్చీ మీద. ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలి, ఎవరు కూర్చోకూడదు అన్నదే అసలు మసలా.

ఉర్దూ మీడియంలో చదివినందుకు నాకు దక్కిన ఫాయిదాల్లో ఒకటి, టర్కీ భాష రాకపోయినా ఆ దేశం కబుర్లు చదివేటప్పుడు సగం మాటలు సొంత ఇంటివాళ్లలా కనబడడం. సర్కారీ ఉద్యోగిని వాళ్లు మెమూర్ అంటారు, మన మామూర్. జీతం మఆష్. పై అధికారి ముదీర్. ఆఫీసు దాయిరె, మన దాయిరా. బట్టలు కియాఫెత్. పర్దా పాటించే వస్త్రధారణ తెసెత్తూర్, అంటే మన సతర్‌కు చుట్టం. మాటలే ఇంత దగ్గరైతే మసలాలు దూరమెందుకుంటాయి?

ఫెరాజె మీద ఫర్మానా

ఉస్మానియా సల్తనత్ కాలంలో ఇస్తాంబుల్ ఆడవాళ్లు బయటికొస్తే ఫెరాజె తొడుక్కునేవాళ్లు. ఒళ్లంతా కప్పే వదులు కోటు అది. ముఖానికి యష్మక్, రెండు ముక్కల సన్నని తెల్ల మల్‌మల్ గుడ్డ. 1717-18లో అక్కడ ఉన్న బ్రిటిష్ రాయబారి భార్య లేడీ మేరీ మాంటేగ్యూ ఈ లిబాస్ చూసి తన ఉత్తరాల్లో వింతైన మాట రాసింది. ఈ బట్టల్లో ఎవరు ఎవరో మొగుడు కూడా పోల్చుకోలేడు కాబట్టి, ఇక్కడి ఆడవాళ్లు తమకన్నా ఎక్కువ ఆజాదీతో తిరుగుతున్నారన్నది ఆమె భావం. నిజమెంతో ఆమెకే తెలియాలి. కానీ బుర్ఖా చూడగానే ఖైదు అనుకునేవాళ్లకు ఆ ఉత్తరాలు ఒకసారి చదివించాలి.

ఆ ఫెరాజెకీ ఫ్యాషన్ సోకింది. కాలర్లు పెద్దవయ్యాయి, రంగులు హెచ్చాయి, అంచులకు పట్టీలు వచ్చాయి. 1720లలో, అంటే తారీఖ్‌లో తులిప్ పూల జమానా అని పేరున్న రోజుల్లో, హుకుం వచ్చింది. జానెడు కంటే పెద్ద కాలరు పెడితే నడి బజారులో కోసేస్తామన్నారు. వాళ్లు చెప్పిన సబబులు రెండు. ఒకటి, ముస్లిం ఆడవాళ్లు ఇతర మతాల ఆడవాళ్లను నకలు చేస్తున్నారు. రెండు, ఈ ఖర్చుకు మొగుళ్ల జేబులు చిరుగుతున్నాయి. హుకుం మళ్లీ మళ్లీ ఇవ్వాల్సి వచ్చిందంటే దాన్ని ఎవరూ పెద్దగా ఖాతరు చేయలేదనే కదా!

ఇప్పుడు అందరూ అసలైన పాత లిబాస్ అనుకునే నల్ల చర్షఫ్ సంగతి ఇంకా విచిత్రం. ఫార్సీలోని చాదర్-ఎ-షబ్, అంటే రాత్రి కప్పుకునే దుప్పటి, ఈ మాటకు మూలం. పందొమ్మిదో శతాబ్దంలో అరబ్ ఇలాఖాల వైపు నుంచి ఇస్తాంబుల్‌కు వచ్చింది. అప్పట్లో అది కొత్త ఫ్యాషన్. ఎంత కొత్తదంటే 1892లో సుల్తాన్ అబ్దుల్ హమీద్ దాన్ని మనా చేశాడు. ఖలీఫా పదవిలో ఉన్న సుల్తానే చర్షఫ్ వద్దన్నాడు! దాని చాటున ఎవరు ఏ వేషంలో తిరుగుతారోనన్న భయం ఒకటి. చూడడానికి మాతం పాటించే క్రైస్తవ స్త్రీల దుస్తుల్లా ఉందన్న ఫిర్యాదు ఇంకొకటి. ఆడవాళ్లు వినలేదు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి షహర్‌లో ఎక్కడ చూసినా చర్షఫే. బేయోలూ వీధి దుకాణాల్లో పారిస్ నమూనాలు చూసి, దర్జీ చేత నడుము దగ్గర కుదించి, పై భాగం పొట్టి చేసి కుట్టించుకున్న చర్షఫ్‌లు కూడా వచ్చాయి. తాతల నాటి రివాజు అనుకునేది ఒక్కోసారి మన నానీ కాలం నాటి ఫ్యాషనే అయ్యుంటుంది.

టెలిఫోన్ కంపెనీ తలుపు

ఇంతవరకు బజారులో లిబాస్ గురించే. దఫ్తర్‌లో లిబాస్ అనే సవాల్ రావాలంటే ముందు ఆడవాళ్లకు దఫ్తర్ ఉండాలి. 1870లో ఇస్తాంబుల్‌లో దారుల్ ముఅల్లిమాత్ తెరిచారు, అంటే టీచరమ్మలను తయారుచేసే కాలేజీ. ఆడపిల్లలకు ఆడవాళ్లే చదువు చెప్పడం మీద పెద్దగా ఎతరాజ్ రాలేదు. అది నాలుగు గోడల మధ్య పని. అసలు తుఫాను 1913లో వచ్చింది.

ఆ ఏడాది ఏప్రిల్‌లో ఉల్వియె మెవ్‌లాన్ అనే ఖాతూన్ కదిన్లర్ దున్యాసి అనే పత్రిక మొదలుపెట్టింది. స్త్రీల దునియా అని అర్థం. మొదటి వంద సంచికలు రోజూ వచ్చాయి. రాసేవాళ్లంతా ఆడవాళ్లే, మగవాళ్ల రాతలు వేసుకోమని చెప్పేశారు. పత్రిక వెంబడే ఒక అంజుమన్ పెట్టారు. దాని పేరు మీకు నేను తర్జుమా చేయనక్కర్లేదు. ముదాఫఆ-ఎ-హుకూక్-ఎ-నిస్వాన్. ఆ అంజుమన్ పెట్టుకున్న ఆశయాల్లో ఆడవాళ్లు బయట వేసుకునే లిబాస్‌ను ఇస్లాహ్ చేయడం కూడా ఒకటి. అంటే లిబాస్ గురించి మాట్లాడడం వాళ్లు మగవాళ్లకు వదిలేయలేదు. కానీ దాన్ని నౌకరీతో కలిపి మాట్లాడారు. పని చేసుకోవడానికి వీలైన బట్టలు ఎలా ఉండాలి అన్నది వాళ్ల సవాల్.

అప్పుడే షహర్‌లో టెలిఫోన్ కంపెనీ పెడుతున్నారు. విదేశీ పెట్టుబడి. ఫోన్లు కలపడానికి అమ్మాయిలు కావాలని ఇష్తెహార్ ఇచ్చారు. బెద్రా ఉస్మాన్ అనే యువతి, ఆమెతో పాటు మరికొందరు ముస్లిం అమ్మాయిలు దరఖాస్తు పెట్టుకున్నారు. కాదన్నారు. ఎందుకయ్యా అంటే, మీకు ఫ్రెంచి రావాలి, గ్రీకు రావాలి అన్నారు. ఉస్మానియా సల్తనత్ రాజధానిలో, ఆ దేశ ప్రజల భాష తెలిసిన అమ్మాయికి ఆ భాష చాలదన్నమాట! భాష బహానా అని పత్రికకు అర్థమైంది. కదిన్లర్ దున్యాసి కంపెనీ మీద కలం పట్టింది. సంచిక మీద సంచికలో అడిగింది, నిలదీసింది. చివరికి కంపెనీ దిగివచ్చింది. బెద్రా ఉస్మాన్, ఆమె తోటివాళ్లు ఆపరేటర్లుగా చేరారు. పర్దా పాటించే అమ్మాయి పరాయి మగవాడి గొంతు వింటూ, అతని ఫోను ఇంకొకరికి కలిపే కుర్చీలో కూర్చుంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. తలుపు మూసినప్పుడు కంపెనీ బట్టల పేరు ఎత్తలేదు. భాష పేరు చెప్పింది. ఏదో ఒక సబబు కావాలి, దొరికింది చెప్పారు. తర్వాతి కాలంలో ఆ సబబు స్థానంలో లిబాస్ వచ్చి కూర్చుంది.

జంగ్ రోజుల కొలబద్ద

1914లో జంగ్ మొదలైంది. మగవాళ్లు ఫౌజుకు వెళ్లిపోయారు. ఇళ్లలో తినడానికి లేదు, దఫ్తర్లలో రాయడానికి మనిషి లేడు. 1916లో ఎన్వర్ పాషా హయాంలో, ఆయన భార్య నాజియె సుల్తాన్ సరపరస్తీలో ఆడవాళ్లకు పని చూపించే ఒక ఇస్లామీ అంజుమన్ ఏర్పడింది. వేల మంది స్త్రీలు దరఖాస్తులతో బారులు తీరారు. కొందరు కుట్టు కార్ఖానాలకు వెళ్లారు, కొందరు సర్కారీ దఫ్తర్లలో గుమాస్తాలయ్యారు. ఆ అంజుమన్ షరతులు కూడా విచిత్రంగా ఉండేవి. పనిలో చేరిన ఆడవాళ్లు 21 ఏళ్లలోపు నికాహ్ చేసుకోవాలన్న నిబంధన కూడా పెట్టారు. జీతం ఇచ్చిన చేత్తోనే జిందగీ మీద లగామ్ కూడా వేశారు.

ఇప్పుడు బట్టల సంగతి. రోజూ ట్రాము ఎక్కి దిగే మనిషికి నేల ఊడ్చే చర్షఫ్ అడ్డమే. ట్రాములో ఆడవాళ్లకూ మగవాళ్లకూ మధ్య తెర కట్టి ఉండేది. బురదలో నడవాలి, మెట్లెక్కాలి. స్కర్టు అంచు కొంచెం పైకి జరిగింది. అంతే, పోలీసులకు పని దొరికింది. నిర్ణయించిన కొలత కంటే పొట్టిగా ఉంటే దఫ్తర్‌లో పనిచేసే ఆడమనిషిని ఇంటికి పంపించేవారు. 1917 సెప్టెంబరులో పోలీసులు పత్రికల్లో ఒక హెచ్చరిక వేయించారు. ముస్లిం స్త్రీలు స్కర్టులు పొడవు చేయాలి, కార్సెట్లు మానాలి, మందపాటి చర్షఫ్ వేసుకోవాలి, రెండు రోజులు గడువు అన్నారు. గోల లేచింది. వెంటనే పైనుంచి ఆ హెచ్చరిక రద్దయింది. ఎవరో పాతకాలపు ఆడవాళ్ల మాట విని కింది ఉద్యోగి చేసిన పని అంటూ చేతులు దులుపుకున్నారు. రాసింది కింది ఉద్యోగి, రాయించింది ముసలమ్మలు! పెద్దసాహెబులకు ఏమీ తెలియదు. ఈ తర్కం మనకు కొత్త కాదు.

జంగ్‌లో ఓడిపోయాక పరాయి ఫౌజులు షహర్‌ను పట్టుకున్నాయి. 1919 మే 23న సుల్తాన్ అహ్మద్ మైదానంలో లక్షల్లో జనం చేరారు. వాళ్ల ముందు నిలబడి మాట్లాడినవాళ్లలో రచయిత్రి హాలిదె ఎదీబ్ ఉంది. ఒంటి మీద నల్ల చర్షఫ్. ముసుగులో ఉన్న స్త్రీ మాట్లాడలేదు అనేవాళ్లకు ఆ రోజు ఫోటోలు చాలు. ఇదే హాలిదె ఎదీబ్ 1935లో మన ఢిల్లీకి వచ్చి జామియా మిల్లియాలో తక్రీర్లు చేసింది. ఇక 1920లో రష్యా అంతర్యుద్ధం నుంచి పారిపోయి వేలాది మంది రష్యన్లు ఇస్తాంబుల్ చేరితే, వాళ్ల ఆడవాళ్లు తలకు చుట్టుకునే తీరును చూసి స్థానిక స్త్రీలు కూడా అలాగే చుట్టుకోసాగారు. దానికి రూస్‌బాషి అని పేరు కూడా పడింది, అంటే రష్యన్ తల. తలగుడ్డ కూడా ఒక్కో జమానాలో ఒక్కో దేశం నుంచి వస్తుంది.

టోపీ కానూన్, రెండు షహజాదీలు

1923లో రిపబ్లిక్ వచ్చింది. 1924 మార్చిలో ఖిలాఫత్ రద్దయింది. 1925 నవంబరులో టోపీ కానూన్ చేశారు. మగవాళ్లు ఎర్ర ఫెజ్ తీసేసి యూరప్ టోపీ పెట్టుకోవాలి. ఎదిరించినవాళ్లలో కొందరు ఉరికంబం ఎక్కారు. ఆ ఎర్ర ఫెజ్‌నే మన దక్కన్‌లో రూమీ టోపీ అన్నాం. ఇస్తాంబుల్‌లో నేరమైపోయిన టోపీ హైదరాబాద్‌లో ఇంకా శరాఫత్‌కు గుర్తుగా తలల మీద నిలిచింది. ఒకే టోపీ, ఒక షహర్‌లో జుర్మ్, ఇంకో షహర్‌లో ఇజ్జత్.

ఆడవాళ్ల విషయంలో అలాంటి దేశవ్యాప్త కానూన్ చేయలేదు. కానీ 1930లలో చాలా ఊళ్లలో స్థానిక కౌన్సిళ్లు చర్షఫ్‌నూ ముఖం మీది తెరనూ మనా చేశాయి. దఫ్తర్‌లో కొత్త లిబాస్ తైయోర్. ఫ్రెంచి దర్జీల మాట, కోటూ స్కర్టూ జోడు. తల మీద టోపీ. టీచరమ్మ, లాయరమ్మ, బ్యాంకు గుమాస్తా, అందరిదీ అదే. చాలామందికి అది నిజంగానే ఆజాదీ. చదువుకున్న కూతురు కోర్టులో నల్లకోటు వేసుకుని వాదిస్తుంటే చూసి మురిసిన తండ్రులు ఉన్నారు. తల తెరవడం ఇష్టంలేని ఇళ్లలో మాత్రం పిల్ల చదువు ఆగిపోయింది. కానూన్ లేకపోయినా కుర్చీకి షరతు పడింది.

ఇదే తుఫానులో ఇస్తాంబుల్ నుంచి ఇద్దరు చిన్నపిల్లలు బయటపడ్డారు. ఆఖరి ఖలీఫా అబ్దుల్ మజీద్ కూతురు దుర్రు షెహ్‌వార్, అదే ఖాందాన్‌కు చెందిన నిలోఫర్. ఫ్రాన్స్‌లో పెరిగారు. 1931 నవంబరు 12న నీస్ పట్టణంలో నిజాం కుమారులు ఆజం జాహ్, ముఅజ్జం జాహ్‌లతో వాళ్ల నికాహ్ జరిగింది. హైదరాబాద్ వచ్చి చీర కట్టారు. నిలోఫర్ చీరలైతే దునియా అంతా చూసింది. ఇస్తాంబుల్, నీస్, హైదరాబాద్, మూడు షహర్లు, మూడు లిబాస్‌లు. వాళ్లు షహజాదీలు కాబట్టి ఎవరూ అడగలేదు. కానీ ఈ ఇద్దరి పేర్లు మనకు గుర్తుండడానికి చీరలు ఒక్కటే కారణం కాదు. నిలోఫర్ హాస్పిటల్, పురానీ హవేలీలో దుర్రు షెహ్‌వార్ హాస్పిటల్ కూడా కారణం. అక్కడ మన తల్లులు ప్రసవించారు, మన ఆడపిల్లలు నర్సులుగా పనిచేశారు.

ఆ కాలంలోనే మన దగ్గర సుఘ్రా హుమాయూన్ మీర్జా పత్రిక నడిపింది, ఆడపిల్లలకు సఫ్దరియా స్కూలు పెట్టింది. మాసూమా బేగం 1960లో ఆంధ్రప్రదేశ్ మంత్రి అయ్యింది. ఏ కానూన్ చెప్పలేదు. ఎవరి ఖాందాన్, ఎవరి ఆలోచన వాళ్లకు తోచిన దారి చూపింది.

ఊడ్చే తలకు లేని ఎతరాజ్

మళ్లీ ఇస్తాంబుల్ వెళ్దాం. 1950ల నుంచి పల్లెల జనం లక్షల్లో షహర్‌కు తరలివచ్చారు. తల్లులు తలకు గుడ్డ కట్టుకుని దఫ్తర్లు ఊడ్చారు, ధనవంతుల ఇళ్లలో పని చేశారు. ఎవరూ ఏమీ అనలేదు. కూతుళ్లు స్కూలుకెళ్లారు, యూనివర్సిటీకెళ్లారు. వాళ్లలో కొందరు తల కప్పుకోవాలనుకున్నారు, కానీ అమ్మలా పల్లెటూరి ముడి వేసుకోవాలనుకోలేదు. 1960లలో షూలే యుక్సెల్ షెన్లెర్ అనే పత్రికా రచయిత్రి ఊరూరా తిరిగి తక్రీర్లు చేసింది. ఆమె కుట్టుపని నేర్చుకుంది ఒక అర్మేనియన్ దర్జీ దగ్గర. తలగుడ్డను కొత్త పద్ధతిలో, షహరీ అమ్మాయిలకు నచ్చేలా కట్టి చూపింది. ఆ కట్టుకు ఆమె పేరుతోనే షూలేబాష్ అని పేరొచ్చింది. పైన పొడవాటి కోటు, పార్దెసూ. ఇది తల్లి లిబాస్ కాదు, పని మనిషి లిబాస్ కాదు. చదువుకున్న, నౌకరీ కోరుకునే అమ్మాయి లిబాస్.

గొడవ సరిగ్గా అక్కడ మొదలైంది. 1980లో ఫౌజీ హుకూమత్ వచ్చింది. 1982 అక్టోబరులో సర్కారీ ఉద్యోగుల కియాఫెత్ మీద నిబంధనలు వచ్చాయి. వాటిని చదివితే నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది. మగవాళ్ల మీసం పై పెదవి దాటకూడదు, గడ్డం వద్దు, టై కట్టాలి. ఆడవాళ్లు చేతుల్లేని జాకెట్టు, మోకాలి పైకి వచ్చే స్కర్టు, బిగుతు ప్యాంటు, చెప్పులు వేసుకోకూడదు. దఫ్తర్‌లో ఉన్నంతసేపు తల తెరిచే ఉండాలి. అరవై అయిదేళ్ల కింద స్కర్టు పొట్టిదైందని ఇంటికి పంపారు. ఇప్పుడు తల కప్పుకుందని ఇంటికి పంపుతున్నారు. దిశ మారింది, పంపేవాడి చెయ్యి మాత్రం అదే.

1997 ఫిబ్రవరి 28న ఫౌజు పెద్దలు సర్కారు మెడలు వంచాక పట్టు ఇంకా బిగిసింది. ఇస్తాంబుల్ యూనివర్సిటీలో తల కప్పుకున్న అమ్మాయిలను ఒక గదిలో కూర్చోబెట్టి, తీసేయమని నచ్చజెప్పేవారు. వాటికి నచ్చజెప్పే గదులని పేరే పడింది. కొందరు తలగుడ్డ మీద విగ్గు పెట్టుకుని క్లాసుకు వెళ్లారు. వైద్య విద్యార్థిని లేలా షాహిన్ యూరప్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్లింది. 2005లో అక్కడా ఓడిపోయింది. 1999లో ఇస్తాంబుల్ నుంచి పార్లమెంటుకు ఎన్నికైన మెర్వె కవక్చి తలగుడ్డతో హలఫ్ తీసుకోవడానికి వస్తే, సభ్యులు బల్లలు చరిచి, బయటికి పొమ్మని కేకలు వేశారు. ఆమె హలఫ్ తీసుకోలేకపోయింది. జనం వేసిన ఓటు తల మీది గుడ్డ దగ్గర ఆగిపోయింది.

ఆ రోజుల్లో టర్కీ ఆడవాళ్లు అడిగిన ఒక సవాల్ నా దిల్‌లో నాటుకుపోయింది. యూనివర్సిటీ వరండా ఊడ్చే అమ్మ తలగుడ్డ ఎవరికీ కనబడలేదు, అదే గుడ్డతో కూతురు పాఠం చెప్పడానికి వస్తే దేశానికి ఖత్రా ఎలా వచ్చింది? నేను పత్రికలో చేరిన కొత్తలో మా దఫ్తర్ ఊడ్చే ఖాలా బుర్ఖా విప్పి మేకుకు తగిలించి పని మొదలుపెట్టేది. ఎవరికీ పట్టింపు లేదు. కొన్నేళ్లకు తలకు స్కార్ఫ్ కట్టుకున్న ఒక అమ్మాయి సబ్‌ఎడిటర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వస్తే మాత్రం, ఆమె తర్జుమా ఎలా చేసిందో మాట్లాడుకోవడానికి ముందు స్కార్ఫ్ గురించి మాట్లాడారు. చీపురు పట్టుకున్న చేతికి లేని షరతు కలం పట్టుకోబోయే చేతికి వచ్చింది. అందుకే అంటున్నాను, ఇది కుర్చీ గొడవ అని.

సర్కారు తలుపు మూసిందని తెలిసి ప్రైవేటు యజమానులు ఫాయిదా పొందారు. వాళ్లలో దీన్‌దార్లు కూడా ఉన్నారు. ఇంకెక్కడికి వెళ్తుంది అన్న ధీమాతో డిగ్రీ ఉన్న అమ్మాయికి తక్కువ మఆష్ ఇచ్చి, గ్రాహకుల కంటబడని వెనక గదిలో కూర్చోబెట్టారు. ఆమె లిబాస్‌ను మెచ్చుకున్నవాళ్లే ఆమె జీతంలో కోత వేశారు. ఇది కూడా తారీఖే. దాచకూడదు.

బజారుకు మాత్రం ఎవరి ఓటూ అక్కర్లేదు. 1934లో వితాలి హక్కో అనే యూదు వ్యాపారి ఇస్తాంబుల్‌లో టోపీల దుకాణం పెట్టాడు. టోపీల మోజు తగ్గాక పట్టు తలగుడ్డలు అమ్మాడు. అదే వక్కో. టోపీ జమానాలో పుట్టిన ఆ దుకాణం పట్టు గుడ్డ తర్వాత తల కప్పుకునే ధనవంతుల ఇళ్లలో షాన్‌కు గుర్తయింది. 1982లో, దఫ్తర్లలో తల తెరవాలన్న ఆ ఏడాదే, తెక్బీర్ అనే పర్దా దుస్తుల కంపెనీ మొదలైంది. పదేళ్లకు, 1992లో, ఫ్యాషన్ షో కూడా చేసింది. పర్దా బట్టలకు స్టేజీ మీద నడక ఏమిటని దీన్‌దార్లలోనే తకరార్ లేచింది.

2013, ఆ తర్వాత

2013 అక్టోబరులో నిబంధన మారింది. సర్కారీ దఫ్తర్లలో తల కప్పుకోవచ్చన్నారు. ఫౌజు, పోలీసులు, జడ్జీలు, ప్రాసిక్యూటర్లు తప్ప. పోలీసులకు 2016లో, ఫౌజుకు 2017లో ఆ అడ్డూ తొలగింది. 2013 అక్టోబరు 31న నలుగురు మహిళా సభ్యులు తలగుడ్డలతో పార్లమెంటులో కూర్చున్నారు. ఈసారి బల్లలు చరచలేదు.

ఆ రోజు సభలో ఇంకొక ఆడమనిషి ఉంది. షఫక్ పవే, ఇస్తాంబుల్ సభ్యురాలు, ప్రతిపక్షం. ఎన్నో ఏళ్ల కింద రైలు ప్రమాదంలో ఒక చెయ్యి, ఒక కాలు పోగొట్టుకుంది. పార్లమెంటులో ఆడవాళ్లు స్కర్టు వేసుకోవాలన్న పాత నిబంధన వల్ల కృత్రిమ కాలు అందరికీ కనబడేలా రావాల్సి వచ్చేది. ప్యాంటు వేసుకునే ఇజాజత్ అదే ఏడాది నవంబరులో వచ్చింది. తలగుడ్డకు తలుపు తెరిచిన నెలరోజుల్లోనే ప్యాంటుకూ తెరిచారు. ఈ రెండు కబుర్లనూ కలిపి చదవాలి. ఒకటి మన ఇష్టానికి దగ్గర కాబట్టి ఖుషీ పడి, రెండోది మనది కాదని వదిలేస్తే హఖ్ అనే మాటకు మాయనా ఉండదు.

ఎందుకంటే తకరార్ అక్కడితో ఆగలేదు. 2016లో ఇస్తాంబుల్ బస్సులో షార్ట్స్ వేసుకున్న ఒక నర్సును ఒక మనిషి ముఖం మీద తన్నాడు. 2017 జూలైలో కదికోయ్ వీధుల్లో ఆడవాళ్లు నా బట్టల జోలికి రావద్దు అంటూ జులూస్ తీశారు. తల కప్పుకున్నవాళ్లు కూడా కొందరు ఆ జులూస్‌లో నడిచారు. ఒకప్పుడు తమను ఆపినవాళ్లు ఇప్పుడు పక్కవాళ్లను ఆపుతున్నారని వాళ్లకు అర్థమై ఉంటుంది.

ఇంకో లెక్క కూడా చెప్పాలి. ఇన్ని హుకుంలు, ఇన్ని రద్దులు జరిగాక 2013 నాటికి టర్కీలో పని చేస్తున్న, పని వెతుకుతున్న ఆడవాళ్లు మొత్తం ఆడవాళ్లలో మూడో వంతు దగ్గరే ఉన్నారు. లిబాస్ మీద మూడువందల ఏళ్లు మాట్లాడిన ఆ మగ పెద్దలు పిల్లలను ఎక్కడ వదిలి వెళ్లాలి, రాత్రి ఎలా ఇంటికి చేరాలి, మఆష్ ఎంత అని ఆ మూడువందల ఏళ్లలో పదో వంతు సేపు మాట్లాడినా కథ వేరుగా ఉండేది.

మన పిల్లలు ఇప్పుడు గచ్చిబౌలిలో, విజయవాడలో, కర్నూలులో, గల్ఫ్‌లో, అమెరికాలో దఫ్తర్లకు వెళ్తున్నారు. ఒకరు బుర్ఖాలో, ఒకరు సల్వార్ కమీజ్‌లో, ఒకరు చీరలో, ఒకరు జీన్స్‌లో. ఇంట్లో పొద్దున బహస్ రాకుండా పోదు, రావొద్దనీ అనను. అమ్మీలు, నానీలు అడగకపోతే ఇంకెవరు అడుగుతారు! కాకపోతే దుపట్టా గురించి ఒక మాట అడిగితే, దాంతో పాటు ఇంకో మూడు అడుగుదాం. తనఖా పక్కవాడితో సమానంగా ఇస్తున్నారా? ఆడవాళ్లకు వేరే బాత్రూం ఉందా? రాత్రి షిఫ్టు అయితే ఇంటి దాకా దింపుతున్నారా?

ఇంకో పని కూడా ఉంది. బెద్రా ఉస్మాన్ పేరు మనకు ఈరోజు తెలుసంటే అప్పట్లో ఒక పత్రిక రాసిపెట్టడం వల్ల. మన ఖాందాన్‌లలో మొదట నౌకరీకి వెళ్లిన ఆడమనిషి ఎవరు? ఏ స్కూల్లో, ఏ ఆస్పత్రిలో, ఏ బీడీ కార్ఖానాలో? ఏం కట్టుకుని వెళ్లింది, మొదటి నెల ఎంత తెచ్చింది, ఎవరు వద్దన్నారు, ఎవరు వెంట నిలబడ్డారు? చెప్పగలిగే నానీలు, దాదీలు ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నారు. ఈ జుమ్మాకు వెళ్లి కూర్చుని అడగండి. ఉర్దూలోనో తెలుగులోనో ఒక కాపీలో రాసి పెట్టండి.